గిద్దె మొదలు తూము వరకు

పెద్దపల్లి నుండి కరీంనగరమునకు పోవు త్రోవలో సుల్తానాబాదు కలదు. చిరకాలము కరీంనగరం జిల్లాలో తాలూకా కేంద్రముగా నుండి, 2016 అక్టోబరు 11వ తేదీన పెద్దపల్లి జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. ఇది వరి పండు సీమ. బియ్యపు మిల్లులకు పేరుపొందిన ఊరు. నేడు ఇచటి ధాన్యము క్వింటాళ్ళ లెక్కన తూగుచున్నది. కొన్ని తరముల క్రిందట కల్లములో రాశి పోసినప్పుడు తక్కెడ కంటె ముందు కుంచము వచ్చెడిది. కొలుచువాడు మొదటి కుంచమును ‘ఒకటి’ అనక ‘లాభము’ అని, పిమ్మట ‘రెండు, మూడు’ అని ఎలుగెత్తి లెక్కించెడివాడు. రైతు భాగము, కూలివాని భాగము, జీతగాని భాగము ఆ కొలతతోనే తేలెడివి.

ఆ కొలపాత్రల పేరులు ఇప్పుడు సామెతలలోను, పెద్దల నోటను మాత్రమే నిలిచియున్నవి. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, తూము అన్నచో నేటి బడిపిల్లలకు బోధపడదు. అదే పిల్లలు కంప్యూటరు విద్యలో ‘బిట్’ అను మాట విని, అది ఏదో పరదేశపు మర్మమని భయపడుదురు. ఈ రెండును ఒక్క లెక్కయేనని చూపుట ఈ ప్రసంగమున మా ఉద్దేశము. కంప్యూటరును మనవారే ముందు కనిపెట్టిరని మేము చెప్పబోము. అది నిజము కాదు. అయితే సంఖ్యను రెండేసి చొప్పున ఎదుగు స్థానములుగా విభజించి, ఒక్కొక్క స్థానమును విడివిడిగా పట్టుకొనుట మన కల్లములకును, మన కవులకును తెలిసిన పని. ఆ సంగతి తెలిసినచో కొత్త విద్య సగము పాతదగును.

ముందుగా కొలతల వరుసను చూతము. రెండు గిద్దెలు ఒక అరసోల. రెండు అరసోలలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచము. రెండు కుంచములు ఒక ఇరస. రెండు ఇరసలు ఒక తూము. ఆ పైన ఇరువది తూములు ఒక ఖండి కాగా అచట ఈ వరుస తప్పును; తూము వరకు మాత్రము ప్రతి పాత్రయు తన క్రిందిదానికి సరిగా రెట్టింపు. పాత్ర పరిమాణము సీమసీమకు మారెడిది. కొన్ని చోట్ల లెక్కయు మారెడిది. కాని రెట్టింపు వరుస మాత్రము తెలుగునేలయందు విరివిగా వ్యాపించిన పద్ధతి.

ఈ రెట్టింపులోని ప్రయోజన మేమి? పదేసి చొప్పున ఎదుగు పాత్రలను పరీక్షించుట కష్టము. రెట్టింపు పాత్రను పరీక్షించుటకు చదువు అక్కరలేదు. తవ్వను రెండుమారులు నింపి మానికలో పోసినచో అది తలకొట్టుగా నిండవలెను. నిండకపోయినను, పొర్లిపోయినను పాత్రలో మోసమున్నట్లే. గింజలు కూలిగా పుచ్చుకొను మనిషికి అంతకు మించిన తనిఖీ వేరొకటి లేదు.

భిన్నములను గూర్చియు మనవారు ఇదే త్రోవను త్రొక్కిరి. ఒకటిలో సగము అర. అరలో సగము కాలు. కాలులో సగము పరక. పరకలో సగము వీసము. అరయు కాలును కలిసినచో ముక్కాలు. ప్రాతకాలపు లెక్కల కాగితములలో కాలు, అర, ముక్కాలులకు వరుసగా ఒకటి, రెండు, మూడు నిలువుగీతలను, వాటి క్రింది తరగతియైన వీసములకు అడ్డగీతలను వ్రాసెడివారు. అనగా పైకి రెట్టింపు, క్రిందికి సగము. తెలుగు కరణము కలము ఈ మెట్లమీదనే ఎక్కుచు దిగుచుండెను.

ఇప్పుడు గిద్దె మొదలు ఇరస వరకు గల ఎనిమిది పాత్రలను ఒక బల్లమీద వరుసగా పెట్టినామనుకొందము. కుడిచివర గిద్దె, ఎడమచివర ఇరస. వాటి విలువలు గిద్దెలలో 1, 2, 4, 8, 16, 32, 64, 128. నియమ మొక్కటే: ప్రతి పాత్రయు నిండుగానైన ఉండవలెను, ఖాళీగానైన ఉండవలెను; సగము నింపరాదు. ఈ నియమముతో ఒక్క గింజయు లేని సున్న మొదలు 255 గిద్దెల వరకు ఏ కొలతనైనను చూపవచ్చును. అంతేకాదు, ఒక్కొక్క కొలతను చూపుటకు ఒక్క విధమే కలదు, రెండవది లేదు. ఉదాహరణకు 173 గిద్దెలు కావలెను. ఇరస 128, అడ్డ 32, తవ్వ 8, సోల 4, గిద్దె 1, మొత్తము 173. నిండిన పాత్రకు 1 అనియు, ఖాళీ పాత్రకు 0 అనియు ఎడమనుండి వ్రాసినచో 10101101 అగును.

శ్రోతలు గమనింతురు గాక: ఇదియే కంప్యూటరులోని ‘బైట్’. ఒక్కొక్క పాత్ర ఒక్కొక్క ‘బిట్’. యంత్రములో పాత్రకు బదులు విద్యుత్తు పారుటయో పారకుండుటయో, అయస్కాంతము ఒకవైపు తిరుగుటయో వేరొకవైపు తిరుగుటయో ఉండును. పది అంకెలకు పది స్థితులను యంత్రము తప్పులేక గుర్తించుట కష్టము. ఉన్నది, లేదు అను రెండు స్థితులను గుర్తించుట సులభము. అందుచేతనే ద్విసంఖ్యామానము యంత్రములకు నప్పినది.

దీని చరిత్రను కొంత చెప్పవలసియున్నది. ఒకటి, సున్న అను రెండు అంకెలతోనే గణితమంతయు సాగునని జర్మను దేశపు తత్త్వవేత్త లైబ్నిజ్ 1703లో ఒక వ్యాసము ప్రకటించెను. ఇంగ్లండున జార్జి బూల్ 1854లో వెలువరించిన గ్రంథమున ‘అవును, కాదు’ అను తర్కమును బీజగణితముగా మార్చెను. అమెరికాలో క్లాడ్ షానన్ 1937లో తన పరిశోధనా వ్యాసమున, బూలు తర్కమును విద్యుత్ స్విచ్చులతో నడిపింపవచ్చునని చూపెను. ‘బిట్’ అను పేరు 1948లో షానన్ వ్రాసిన వ్యాసమున అచ్చయ్యెను. ఆ పేరును సూచించినవాడు జాన్ టూకీ అని ఆయనయే చెప్పెను. ‘బైట్’ అను పేరు 1956లో వెర్నర్ బుక్‌హోల్జ్ పెట్టినది. 1964లో ఐ.బి.ఎం. సంస్థవారి సిస్టమ్ 360 యంత్రములు వచ్చిన పిమ్మట ఎనిమిది బిట్ల బైట్ లోకమున స్థిరపడెను.

బిట్లను పట్టి మార్చుట యనగా నేమి? ప్రోగ్రాములు వ్రాయువారు దీనికి ముఖ్యముగా ఐదారు పనిముట్లను వాడుదురు. వాటిని మన బల్లమీది పాత్రలతోనే చెప్పుకొందము.

మొదటిది ‘ఆండ్’. 173 గిద్దెల ధాన్యమున్న వరుసలో కుంచము నిండియున్నదా లేదా అని తెలియవలెను. తక్కిన ఏడు పాత్రలపై గుడ్డ కప్పి, కుంచమును మాత్రము చూతుము. ఈ గుడ్డనే ప్రోగ్రాములు వ్రాయువారు ‘మాస్క్’ అందురు. మాస్కులో 1 ఉన్నచోట పాత్ర ఉన్నది ఉన్నట్లు కనబడును. 0 ఉన్నచోట మరుగుపడును. కుంచము విలువ 64 గనుక 173ను 64తో ఆండ్ చేసినచో సున్న వచ్చును. కుంచము ఖాళీ అని తేలును. గిద్దెను మాత్రము చూచినచో, ఆ సంఖ్య సరియో బేసియో తెలిసిపోవును.

రెండవది ‘ఆర్’. కుంచము ఖాళీగా నున్నచో నింపుము, నిండియున్నచో అట్లే ఉంచుము అను ఆజ్ఞ యిది. 173ను 64తో ఆర్ చేసినచో 237 అగును. మరల చేసినను 237 మాత్రమే. ఇచట జాగ్రత్త వహింపవలెను. ఆర్ వేరు, కూడిక వేరు. నిండిన అడ్డకు మరియొక అడ్డను కూడినచో రెండడ్డలు కలిసి కుంచము అగును. లెక్క పై పాత్రకు పోవును. ఆర్‌లో అట్లు పై పాత్రకు పోవుట లేదు. ఏ పాత్ర పని ఆ పాత్రదే. పొరుగు పాత్రను తాకకుండుటయే బిట్ల విద్యకు ప్రాణము.

మూడవది ‘ఎక్సార్’. ఇది తిరగవేయుట: చూపిన పాత్ర నిండియున్నచో ఒలుకును, ఖాళీగా నున్నచో నింపును. 173లో ఇరసను ఎక్సార్ చేసినచో 45 మిగులును. మరియొకమారు అదే చేసినచో 173 తిరిగి వచ్చును. రెండుమారులు చేసిన మొదటికి వచ్చుట దీని గుణము. అన్ని పాత్రలను ఒక్కమారుగా తిరగవేయుట ‘నాట్’. 173కు నాట్ 82. ఈ రెండును కలిసిన 255, అనగా ఎనిమిది పాత్రలును నిండుట.

ఇక ‘షిఫ్ట్’, అనగా జరుపుట. ప్రతి పాత్రయు తన స్థితిని ఎడమనున్న పెద్దపాత్రకు ఇచ్చినచో మొత్తము రెట్టింపగును. కుడివైపునకు ఇచ్చినచో సగమగును. 173ను ఎడమకు జరిపినచో 346 కావలెను. కాని మన బల్లమీద ఎనిమిది పాత్రలే కలవు. ఇరసలోనిది తూములోనికి పోవలెను. తూము బల్లమీద లేదు. కావున 256 గిద్దెలు జారిపోయి 90 మాత్రమే మిగులును. కల్లములో తూమెడు ధాన్యము మరుగైనచో ఇల్లు గడవదు, యంత్రములోను అంతే. జరుపునప్పుడు చివరిపాత్ర నుండి ఏది జారునో ముందుగా చూచుకొననివాడు, గిద్దెను కాపాడి తూమును పోగొట్టుకొనును. కుడికి జరిపినచో 173లోని గిద్దె రాలిపోయి 86 మిగులును. ఆ నష్టము కొంచెమే. ఒక్కొక్క బిట్ తప్పిపోవుట అన్నిచోట్లను ఒక్కటి కాదు.

పాత్రలతో చెప్పిన ఈ జరుపుటను మన ఛందశ్శాస్త్రకారులు అక్షరములతో చేసిరి. పద్యమున ప్రతి అక్షరమును గురువైనను కావలెను, లఘువైనను కావలెను, మూడవది లేదు. మూడక్షరముల గణములు అందుచేతనే ఎనిమిది. క్రీస్తునకు పూర్వపు కాలమువాడని పండితులు తలచు పింగళుడు తన ఛందస్సూత్రములలో ఈ గురులఘువుల వరుసలకు లెక్క చెప్పెను. వరుసలన్నిటిని క్రమముగా పరచుట ప్రస్తారము. ఆ ప్రస్తారములో మగణము మొదటిది, యగణము రెండవది. పిమ్మట రగణము, సగణము, తగణము, జగణము, భగణము, నగణము. మొదటి అక్షరమును గిద్దె అనియు, రెండవదానిని అరసోల అనియు, మూడవదానిని సోల అనియు అనుకొనుడు. గురువు ఖాళీ పాత్ర, లఘువు నిండు పాత్ర. అప్పుడు మగణము సున్న, నగణము ఏడు. నడుమ నున్నవి ఒకటి మొదలు ఆరు వరకు వరుసగా వచ్చును.

సంఖ్య తెలిసి గణము తెలియనప్పుడు కనుగొను పద్ధతికి నష్టమని పేరు. ఆరవ గణ మేది? ఆరు సరిసంఖ్య, కావున మొదట లఘువు, సగము మూడు. మూడు బేసి, కావున గురువు. ఒకటి కలిపి సగము చేయగా రెండు. రెండు సరి, కావున లఘువు. లఘువు, గురువు, లఘువు: జగణము. శ్రోతలు చూచిరి కదా! సరియో బేసియో చూచుట గిద్దెను మాత్రము తెరచి చూచుట; సగము చేయుట పాత్రలను కుడికి జరుపుట. నేటి ప్రోగ్రాములలో ఒక సంఖ్య యొక్క బిట్లను ఒక్కొక్కటిగా రాబట్టు విధానము ఇంతకంటె వేరు కాదు. గణమును బట్టి సంఖ్యను చెప్పుట ఉద్దిష్టము. లఘువులున్న స్థానముల విలువలను కూడి ఒకటి చేర్చినచో చాలును.

తెలుగు పద్యము నుండియే మరియొక ఉదాహరణము. ఉత్పలమాలకు పాదమున ఇరువది అక్షరములు: భ, ర, న, భ, భ, ర గణములు, తుదకు వగణము. ఇరువది అక్షరములతో ఏర్పడు వృత్తములు 10,48,576. వానిలో ఉత్పలమాల 3,55,799వది. చంపకమాలకు ఇరువదియొక్క అక్షరములు. దాని సంఖ్య 7,11,600. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీసినచో చంపకమాల యగునని పద్యము నేర్చిన పిల్లలందరు నెరుగుదురు. ఆ మాటను పాత్రలతో చెప్పుదము. 3,55,799 నుండి ఒకటి తీసివేయగా 3,55,798. ఒక క్రొత్త అక్షరమునకు చోటిచ్చుటకై పాత్రలన్నిటిని ఒక మెట్టు పైకి జరిపినచో 7,11,596. ఇప్పుడు గిద్దెయు అరసోలయు ఖాళీగా నున్నవి. అచట రెండు లఘువులు కావలెను గనుక ఆ రెంటిని నింపుదుము: 7,11,599. తీసిన ఒకటిని తిరిగి చేర్చగా 7,11,600. చంపకమాల వచ్చినది! ఒక షిఫ్టు, ఒక ఆర్. ఛందస్సు పాఠమే బిట్ల పాఠమైనది.

ఇచట ఒక భేదమును మరువరాదు. కల్లములో కొలిచినవాడును, ప్రస్తారము వేసిన పండితుడును సంఖ్యను చేతితో, మనస్సుతో నడిపిరి. దానిని తనంతట నడుపు యంత్రము మన ప్రాంతమున తయారగుటకు 20వ శతాబ్దము సగము గడవవలసివచ్చెను. అణుశక్తి శాఖ క్రింద 1967 ఏప్రిల్‌లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడెను. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రపు కృషినుండి పుట్టిన టి.డి.సి. 12 అను కంప్యూటరు 1969లో వెలువడెను. ఆ వంశపు యంత్రములను ఇ.సి.ఐ.ఎల్. తయారుచేసెను. పేరులోని 12 అను అంకెకు అర్థము, ఆ యంత్రము ఒక్కమారు పట్టుకొను సంఖ్యకు పండ్రెండు బిట్లు. మన బల్లమీద ఎనిమిది పాత్రలున్నవి, దానికి పండ్రెండు.

ఆనాటి యంత్రములలో జ్ఞాపకమునకు చోటు మిక్కిలి తక్కువ. చోటు మిక్కిలి ఖరీదు. అందుచేత ఒక్క సంఖ్యలో పండ్రెండు ప్రశ్నలకు సమాధానములను ఇమిడ్చుట బుద్ధిమంతుల పని. ఇంటికి బావి కలదా? ఎద్దులు కలవా? రేడియో కలదా? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క బిట్. రేడియో సంగతి మాత్రమే కావలెనన్నచో ఆండ్. రేడియో కొనిరన్నచో ఆర్. బిట్లను మార్చుటను నేర్చినవారికి కొద్ది చోటున పెద్ద సంసారము సాగెను. 1970వ దశాబ్దపు తొలినాళ్ళలో డెన్నిస్ రిచీ నిర్మించిన ‘సీ’ భాషలో ఈ పనిముట్లకు ఒక్కొక్క గుర్తు ఏర్పడినది. తరువాత వచ్చిన అనేక భాషలు ఆ గుర్తులనే స్వీకరించినవి.

ఇంతవరకు చెప్పినది సంఖ్యల సంగతి. మనకు ఇంకను దగ్గరి సంగతి అక్షరములది. యంత్రమునకు అక్షరము తెలియదు, సంఖ్యయే తెలియును. ‘క’ అనగా ఏ సంఖ్యయో ముందుగా ఒప్పందము కావలెను. ఆ ఒప్పందము లేని కాలమున తెలుగు పత్రికలు, ముద్రణాలయములు ఎవరి లెక్క వారు పెట్టుకొనిరి. ఒకరి యంత్రమున వ్రాసిన తెలుగు మరియొకరి యంత్రమున అర్థములేని గీతలుగా కనబడెడిది. ఊరికొక కుంచమున్న కాలము వంటిదే యిది. తెలుగువాడు తెలుగువానికి తెలుగున జాబు పంపలేని దుఃస్థితి.

భారతీయ లిపులన్నిటికి ఒకే లెక్క నిర్ణయించు ప్రమాణము 1988లో రూపొంది, 1991లో భారత ప్రమాణముల సంస్థవారి ముద్రతో స్థిరపడెను. దానికి ఇస్కీ అని పేరు. నాగరి, వంగ, తెలుగు, కన్నడము మొదలగు లిపులన్నిటియందును ‘క’ కు ఒకే స్థానము. 1991లోనే ప్రపంచ లిపులకు యూనికోడ్ అను ప్రమాణము వెలువడెను. అందు భారతీయ లిపులకు 1988నాటి ఇస్కీ వరుసనే తీసికొని, ఒక్కొక్క లిపికి 128 ఇండ్లుగల ఒక్కొక్క వీధిని ఇచ్చిరి.

ఆ వీధుల లెక్కను మన పాత్రలతో కొలుతము. నాగరి వీధి 2304వ సంఖ్యతో మొదలగును. అనగా సరిగా తొమ్మిది తూములు. తెలుగు వీధి 3072తో మొదలగును. సరిగా పండ్రెండు తూములు. కన్నడ వీధి 3200తో మొదలగును. పండ్రెండు తూములును ఒక ఇరసయు. ఆ పైన గిద్దె మొదలు కుంచము వరకు గల ఏడు పాత్రలు ఏ అక్షరమో చెప్పును. ‘క’ స్థానము 21, అనగా మానిక, సోల, గిద్దె. కావున తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221, నాగరి ‘క’ 2325. పై పాత్రలకు గుడ్డ కప్పి ఆండ్ చేసినచో మూడింటను 21 మాత్రమే మిగులును. తెలుగు ‘క’ లోని ఒక్క ఇరసను తిరగవేసినచో కన్నడ ‘క’ అగును. మరల తిరగవేసినచో తెలుగు ‘క’ తిరిగివచ్చును. ముఖ్యాక్షరము లన్నిటికిని ఇదే నియమము. తెలుగునకు కన్నడమునకు నడుమ నున్నది ఒకే ఒక బిట్.

ఈ మాట చెప్పునప్పుడు పూర్వపు కరీంనగరం జిల్లాలోని కురిక్యాల తలపునకు రాక మానదు. గంగాధర సమీపమున ఉన్న ఆ గ్రామపు బొమ్మలగుట్ట బండపై, వేములవాడ చాళుక్యుడగు రెండవ అరికేసరి ఆస్థానకవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు 945లో శాసనము చెక్కించెను. అందు సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును కలవు. తెలుగు భాగమున కందపద్యములు కలవు. నాడు తెలుగునకును కన్నడమునకును లిపి యొక్కటియే. శతాబ్దములు గడచిన కొలది తలకట్టులు, మలుపులు మారి రెండు లిపులైనవి. ఒక్క బండపై కలిసియున్న ఆ రెండును, యంత్రములో ఒక్క బిట్ దూరమున నిలిచినవి. ఈ పొరుగు యాదృచ్ఛికము కాదు. అక్షరముల వరుస రెండు భాషలకు నొక్కటియే అగుటచే వీధులును సమానముగా వచ్చినవి. వర్ణమాలను క్రమముగా కూర్చిన పూర్వుల శ్రమ నేటికి ఇట్లు ఫలించినది.

ఒక్క బిట్ విలువ ఎంతటిదో దీనిని బట్టి ఊహింపవచ్చును. ‘కుడి’ అను మాటలోని మొదటి అక్షరమున అరసోల పాత్ర పొరపాటున నిండినచో 21 కాస్త 23 అగును. ‘కుడి’ ‘గుడి’ అగును. త్రోవ చెప్పిన జాబు దేవాలయమును చూపును! అందుచేతనే జాబులను పంపు యంత్రములు బిట్లను ఎక్సార్ చేసియో, ఇతర లెక్కలు వేసియో త్రోవలో చెడినవేమో పరీక్షించుకొనును. తవ్వను రెండుమారులు మానికలో పోసి చూచిన కూలివాని జాగ్రత్త వంటిదే ఆ జాగ్రత్త.

అక్షరము ప్రయాణము చేయుటకు మరియొక పద్ధతి కలదు. 3093 ఒక బైటులో ఇమడదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు రూపొందించిన యూ.టి.ఎఫ్. 8 అను పద్ధతిలో ఆ సంఖ్య బిట్లను నాలుగు, ఆరు, ఆరు చొప్పున మూడు మూటలుగా కట్టుదురు. జరుపుటకు షిఫ్ట్, ఆరు బిట్లను మాత్రము తెంపుటకు ఆండ్, మూటపై గుర్తు వేయుటకు ఆర్. తెలుగు ‘క’ 224, 176, 149 అను మూడు బైట్లుగా బయలుదేరును. చేరినచోట మూటలు విప్పి తిరిగి 3093 చేయుదురు. సుల్తానాబాదులోని తల్లి దూరదేశమున నున్న కుమారునికి టెలిఫోనుపై వ్రాయు ప్రతి తెలుగక్షరమును ఇట్లే కట్టబడి, విప్పబడుచున్నది.

కొలపాత్రల కథకు ముగింపు చెప్పవలసియున్నది. 1956లో పార్లమెంటు తూనికలు కొలతల ప్రమాణముల చట్టమును చేసెను. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చినవి. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమక్రమముగా అమలైనవి. అది మంచి పని. పెద్ద కుంచముతో పుచ్చుకొని చిన్న కుంచముతో పెట్టు అన్యాయమునకు అడ్డుకట్ట పడెను. అయితే న్యాయము వచ్చిన త్రోవనే ఒక జ్ఞానము వెడలిపోయెను. రెట్టింపులతో లెక్క కట్టు నేర్పు ఇండ్లనుండి తొలగెను. ఆ నేర్పే కంప్యూటరు రూపమున బడులకు వచ్చునప్పటికి, దానిని గుర్తుపట్టువారు లేకపోయిరి.

అయినను పూర్తిగా పోలేదు. 2008లో యూనికోడ్ ప్రమాణమున తెలుగు వీధికి మరికొన్ని గుర్తులు చేరినవి. కాలు, అర, ముక్కాలుల నిలువుగీతలకు, వీసముల అడ్డగీతలకు అందు ఇండ్లు దొరకినవి. ఆ వీధిలో చిట్టచివరి ఇంటి సంఖ్య 127. అనగా గిద్దె, అరసోల, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, ఏడును నిండిన ఇల్లు. మరియొక్క గిద్దె పోసినచో కన్నడ వీధి మొదలగును. ఆ చివరి ఇంటిలో నున్న గుర్తు ఏది? తూము గుర్తు.

ఇంటింట పెద్దలు ఇంకను కొందరు కలరు. గిద్దెకు రెండింతలేమి, సోలకు రెండింతలేమి అని వారిని అడిగి పిల్లలచేత వరుస చెప్పించుడు. తూము వరకు తప్పక చెప్పగలిగిన పిల్లవానికి బైటులోని ఎనిమిది స్థానముల విలువలు కంఠస్థమైనట్లే. తక్కిన పాఠము బడిలో పంతులుగారు చెప్పుదురు.